షాపు తీసేశాను

మా బావ ఇరవై ఏడేళ్ళపాటు అనుమానించడానికే జీతం తీసుకున్నాడు. లేత్ మిషన్ల కార్ఖానాలో టూల్ రూమ్ ఆయనది. ఇనుప చువ్వల కిటికీకి అటువైపు బావ, ఇటువైపు చేతులు చాపుకుని నిలబడ్డ కార్మికులు. ఒక్కొక్కరి దగ్గర నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఆరు ఉండేవి. బిళ్ళ ఇస్తేనే పనిముట్టు ఇచ్చేవాడు, ఆ పనిముట్టు వేలాడిన మేకుకే బిళ్ళ తగిలించేవాడు. తిరిగి తెచ్చినప్పుడు అంచు మీద బొటనవేలు రాసి చూసి, అప్పుడు గానీ బిళ్ళ వదిలేవాడు కాదు. ఎవరు డ్రిల్లు బిట్టుని కాలబెట్టారో, ఎవరు స్పానరుతో మేకులు కొట్టారో ఆయనకి ఆ బొటనవేలే చెప్పేది. ఒకసారి యజమాని అంతటివాడు బిళ్ళ లేకుండా కొలత టేపు అడిగితే లేదని పంపేశాడట. కార్ఖానాలో అందరూ ఆయన్ని బిళ్ళలాయన అనేవాళ్ళు.

ఆ గది తాళంచెవి మరొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. పెళ్ళి పీటల మీద కూర్చున్నప్పుడు కూడా అది ఆయన నడుముకే ఉందని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

రెండేళ్ళ కిందట కార్ఖానావాళ్ళు టూల్ రూమ్ తీసేశారు. దాని బదులు ఒక పెద్ద ఇనప బీరువా తెచ్చి పెట్టారు. వేలు నొక్కితే సొరుగు తెరుచుకుంటుంది, ఎవరు ఏం తీసుకున్నారో అదే రాసుకుంటుంది. "అరిగిందో లేదో చూడదు కదరా అది" అన్నాడు బావ నాతో. మోకాళ్ళ నొప్పులని చెప్పి పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు.

ఊరికే కూర్చుంటే బాగానే ఉండేది. ఇరవై ఏడేళ్ళ అనుమానం ఎక్కడికి పోతుంది, ఇంటి మీద పడింది. పాలప్యాకెట్టు అరచేతిలో పెట్టుకుని తూచేవాడు. కిందింటివాళ్ళ మోటారు ఎంతసేపు నడుస్తోందో గడియారం ముందు పెట్టుకుని వినేవాడు. అక్క ఒంటిసబ్బు మారిస్తే ఎందుకు మార్చావని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి అక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని మేడమీద నా గదికి తీసుకొచ్చి, "కాసేపు వీణ్ణి అనుమానించుకోండి, నాకు వంట ఉంది" అని వదిలేసి దిగిపోయింది.

ఆ విషయంలో నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాదు. పార్శిల్ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ నాది. డబ్బా ఖాళీగా వచ్చిందని ఒకడు, లోపల ఇటుక ఉందని ఇంకొకడు, అసలు డబ్బాయే రాలేదని, సంతకం తనది కాదని మరొకడు. పొద్దస్తమానం ఆ కాకమ్మ కబుర్లు వినీ వినీ, ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే చాలు, వీడేం కొట్టేశాడా అని నా చూపు వాడి చేతుల మీదకి పోతుంది. బావ పనిముట్లని అనుమానిస్తాడు, నేను మనుషుల్ని. రెండూ ఒకటేనని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఇల్లు చేరాక నాకున్న కాలక్షేపం కంప్యూటర్లో ఒక ఆట. ఎక్కడెక్కడివాళ్ళో వేలమంది ఒకేసారి ఆడతారు. కొండలుంటాయి, గనులుంటాయి, రాయి తవ్వుకుని కలప కొట్టుకుని ఇల్లు కట్టుకోవాలి. ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన దుకాణం అందులో ఒక్కటీ లేదు. ఏది కావాలన్నా మన లాంటి మరో ఆటగాడు పెట్టుకున్న షాపులో కొనాల్సిందే. బావ మేడెక్కిన రోజు నేనొక పలుగు కొనుక్కుని గనిలోకి దిగాను. పదో దెబ్బకి అది విరిగింది.

"కొనేటప్పుడు అంచు చూశావా?" అన్నాడు బావ వెనకనుంచి.

ఆటలో అంచేమిటి బావా అని విసుక్కున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వస్తువు మీద బాణం గుర్తు ఆపి ఉంచితే అది ఎంత అరిగిందో సన్నటి గీతలా కనిపిస్తుందని అరగంటలో కనిపెట్టాడు. ఏడాదికి పైగా ఆడుతున్నా, ఆ గీత ఒకటి ఉందని నాకు తెలియదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అరిగిన సరుకు కొత్తదని అంటగట్టేవాళ్ళున్న ఊళ్ళో ఒక టూల్ రూమ్ లేకపోతే ఎలాగని అడిగాడు.

షాపు అలా మొదలైంది. గనికి వెళ్ళే దారిలో, కొండవాలుకి ఆనించి నాలుగు చెక్కలు కొట్టి, వాటికి మేకులు దించి, ఎనిమిది పలుగులు తగిలించాడు. అమ్మడం ఆయనకి గిట్టదు. అమ్మిన వస్తువుని ఎవడెలా పాడుచేస్తున్నాడో చూసే వీలుండదట. అందుకని పూటకింతని అద్దెకి ఇచ్చేవాడు. ఆటలో కొత్తగా చేరినవాళ్ళకి మంచి పలుగు కొనే స్తోమత ఉండదు. అలాంటివాళ్ళు పట్టుకెళ్ళి, తవ్విన దాంట్లో కొంత షాపుకి ఇచ్చి, పలుగు తిరిగి అప్పజెప్పాలి. తీసుకెళ్ళేటప్పుడు తన పేరు చెక్కిన రాగిబిళ్ళ ఒకటి ఇవ్వాలి. అది మేకుకి వేలాడుతుంది.

ఆ ఆటలో రాగి అంటే చెత్తతో సమానం. దాన్ని వదిలేసి పలుగు పట్టుకుపోతే నువ్వేం చేస్తావని నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. నెల తిరిగేసరికి తేలిందేమిటంటే, తన పేరు పరాయివాళ్ళ గోడకి వేలాడుతుంటే మనిషి స్థిమితంగా ఉండలేడు. అందరూ చూసేచోట ఖాళీ మేకుకి ఫలానావాడి పేరు ఊగుతూ ఉంటుంది మరి. పలుగులు తిరిగొచ్చేవి. వచ్చిన ప్రతిదాని గీతా బావ తెరకి ముక్కు ఆనించి చూసేవాడు.

షాపుకి బోర్డు కూడా రాశాడు. ఆ ఆటలో తెలుగు అక్షరాలు పడవు. ఇంగ్లీషు అక్షరాల్లోనే "బిళ్ళ ఇవ్వనిదే పనిముట్టు లేదు" అని రాశాడు. దేశదేశాలవాళ్ళూ అదేదో మంత్రమనుకుని దాటిపోయేవాళ్ళు. ఒకరోజు ఒక చిన్న ఆకారం బోర్డు ముందు ఆగి, నవ్వు గుర్తులు పది పెట్టి, "బిళ్ళ లేదు బాబాయ్, ఇప్పుడే చేయించుకొస్తా" అని రాసింది. ఆ ఆకారానికి తోక ఉండేది. దాని అసలు పేరు అంకెలతో నోరు తిరగనట్టుండేది. బావ ఉడుత అని పిలిచాడు, అదే ఖాయమైంది.

ఉడుత ఆడో మగో మాకు తెలియదు. "వస్తాను, పోతాను, తెస్తాను" అని రాస్తే మన భాషలో ఆడా మగా తేలదు. పిల్లో పెద్దో కూడా తేలదు. బావకి ఆ సంగతి పట్టలేదు. ఆయన్ని పట్టి కుదిపేసిన సంగతి వేరే ఉంది. ఉడుత తీసుకెళ్ళిన పలుగుని బాగుచేయించి మరీ తిరిగిచ్చింది. ఇచ్చినప్పటికంటే గీత పొడుగ్గా ఉంది. ఆయన టూల్ రూమ్ జీవితంలో అలా ఎవరూ చెయ్యలేదు.

"ఇందులో ఏదో ఉందిరా" అన్నాడు బావ.

కచ్చితంగా ఉంది బావా అన్నాను నేను. ముందు మంచి అనిపించుకుని తరవాత ముంచేవాళ్ళు నా కిటికీ దగ్గరికి వారానికి నలుగురు వస్తారని చెప్పాను. దాంతో ఇద్దరం కలిసి కళ్ళల్లో వత్తులు వేసుకుని ఉడుతని కాపలా కాశాం. బావ ఒక మంచి సుత్తిని మేకుకి తగిలించకుండా గుమ్మంలో వదిలేసేవాడు. ఉడుత దాన్ని తీసి మేకుకి తగిలించి పోయేది. రెండోసారి వదిలితే రెండోసారీ అంతే. నాలుగోసారి మాత్రం, "బాబాయ్, ఈ సుత్తి మీకు బరువుగా ఉందా, రోజూ కింద పడేస్తున్నారు" అని రాసింది. బావ చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను మాత్రం, తెలివైన దొంగ అన్నాను.

షాపు పెరిగింది. విరిగినవాటిని బాగుచేసే బల్ల పెడదామన్నది ఉడుతే. గని అవతల రేవులో ఇంకో కిటికీ తెరిపించిందీ ఉడుతే. ఎనిమిది మేకులు నూట ముప్పై అయ్యాయి. కొత్తవాళ్ళకి ఆటలో ఏ సలహా ఇచ్చినా మొదటి మాట బిళ్ళల షాపుకి వెళ్ళమనే. బావ పాలప్యాకెట్లని తూచడం మానేశాడు. అక్క ఆ ఉడుత ఎవరో గానీ పుణ్యం కట్టుకుందనేది. సాయంత్రాలు బావ ఒంటివేలితో టైపు చేస్తుంటే తెరమీద "సరే బాబాయ్, అలాగే బాబాయ్" అని వచ్చేది. ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తే, నిజం చెప్తున్నాను, నాకు కొంచెం కడుపుమంటగా ఉండేది. ఆటలోకి తీసుకొచ్చింది నేను కదా.

ఇంతలో బావకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలన్నారు. ముందు కుడికంటికి ఆపరేషను, ఎడమది కొన్నాళ్ళాగి చేస్తారు. పది రోజులు తెర వంక చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చూసినా ఎడమకంటికి అక్షరాలు కనబడవు. షాపు పది రోజులు మూస్తే తీసుకెళ్ళినవాళ్ళు పనిముట్లు ఎవరికిస్తారు? బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు, ఆపరేషనుకి బయల్దేరే ముందు, కళ్ళ సంగతి చెప్పి ఆటలో షాపు తాళంచెవి ఉడుతకి ఇచ్చాడు. బిళ్ళ తీసుకోకుండా ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి.

రోజూ ఆఫీసునుంచి వచ్చాక ఉడుత రాసిన కబురు నేను ఆయనకి చదివి వినిపించాలి. అది ఒప్పందం. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మంచానికి ఆనుకుని, బడిపిల్లాడిలా వినేవాడు.

ఆపరేషనైన అయిదోరోజు ఆట మొత్తాన్ని మరమ్మతు కోసం ఆపేశారు. ఆరోరోజు పొద్దున్న మళ్ళీ మొదలైంది. కానీ కొత్త మార్పులన్నీ కంప్యూటర్లోకి దిగితేగాని ఆట తెరుచుకోదు, మా నెట్టు వేగానికి మర్నాటిదాకా పట్టేలా ఉంది. ఫోనులో మాత్రం కబుర్లు చూసుకోవచ్చు, షాపు తాళాలు మార్చడం లాంటి చిన్న పనులు చేసుకోవచ్చు. ఆ సాయంత్రం ఫోనులో ఉడుత కబురు ఉంది. నేను పైకి చదివాను.

"బాబాయ్, షాపు తీసేశాను. సామానంతా సర్దేశాను. ఇంక ఆ సంగతి మీరు మర్చిపోండి."

ఇప్పుడు ఎవరికి చూపించినా చెప్తారు. నిన్న మూతపడింది కదా, పొద్దున్నే తలుపులు తీసేసింది, చిందరవందరైనవి సర్దేసింది, మీరు బెంగపెట్టుకోకండి అంటోంది. కానీ షాపు తీసేశారంటే ఎత్తేశారని కూడా అర్థం. టూల్ రూమ్ తీసేశారని రెండేళ్ళుగా మా ఇంట్లో అందరం అంటున్న మాట అదే. సర్దేయడమంటే మూటకట్టుకోవడమూ అవుతుంది. నేను చదివిన తీరులో అన్నీ ఆ అర్థాలే పలికాయి. నేను అనుకున్నది నా గొంతులోకి వచ్చేసింది.

బావ నిటారుగా లేచి కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇంకేమైనా రాసిందా?" అని అడిగాడు.

"ఇంకేం లేదు" అన్నాను.

ఉంది. కింద ఇంకో వరుస ఉంది. "కళ్ళు ఎలా ఉన్నాయి? చుక్కలు మానకుండా వేసుకోండి" అని. అది నేను చూశాను. చూసే దాచాను. దోచుకున్నవాళ్ళు క్షేమ సమాచారాలు అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నా కిటికీ దగ్గర అందరికంటే ముందు నా ఆరోగ్యం అడిగేవాడే అందరికంటే పెద్ద అబద్ధం చెప్తాడు. ఆ తీపిమాట చెవిన పడితే బావ మెత్తబడిపోతాడని, ఆయన మంచికే దాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

తాళం మార్చెయ్యమన్నాడు బావ. మార్చాను. అక్కడితో ఆగవలసింది. ఆటలోని ఆ ఊళ్ళో సంతచావడి దగ్గర ఒక పలక ఉంటుంది, షాపువాళ్ళు ఎవరినైనా దొంగ అని దాని మీద రాస్తే మిగతా షాపులవాళ్ళు వాళ్ళని గుమ్మం తొక్కనివ్వరు. రాద్దాం బావా అన్నాను. అవసరమా అన్నాడు. రేపు ఇంకొకళ్ళని ముంచదా అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాదనలేదు కాబట్టి నేనే ఫోనులోంచి రాశాను.

మర్నాడు పొద్దున్నే ఆట తెరుచుకుంది. షాపు ఎక్కడిదక్కడే ఉంది. నూట ముప్పై మేకులూ నిండుగా ఉన్నాయి. అరిగిన పలుగులు ఇరవైదాకా బాగుచేసి ఉన్నాయి. పనిముట్లు తిరిగిచ్చినవాళ్ళ బిళ్ళలు అక్షర క్రమంలో కట్టి ఉన్నాయి. బోర్డు పక్కన కొత్తగా ఇంకో చిన్న చెక్క, దానిమీద "బాబాయ్ సెలవులో ఉన్నారు, షాపు మాత్రం తీసే ఉంటుంది" అని ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. పరుగున వెళ్ళి పలకమీది రాత చెరిపేశాను. పన్నెండు గంటలు అది ఊరందరి కళ్ళముందు ఉంది.

బావకి చెప్పక తప్పలేదు. తీసేశాను అంటే తెరిచానని అట, మనం పొరపాటు పడ్డాం అన్నాను. మనం అన్నాను, గమనించండి. ఆ మాట ఎవరికైనా అలాగే వినిపిస్తుందిలే, ఉడుతకి నేనే చెప్పుకుంటానన్నాడు.

పదకొండోరోజున తెరమీద అక్షరాలు అరంగుళం ఎత్తున పెట్టించుకుని, ఒంటివేలితో గంటసేపు రాశాడు. తెలుగు మాట తనని మోసం చేసిందని, తాళంచెవి మళ్ళీ పంపుతున్నానని, క్షమించమని. వయసుకి తగని బతిమాలుకోలు. నేను పక్కనే నిలబడి, అక్కడ ఒక అక్షరం తప్పు పోయింది బావా అని దిద్దుతూ ఉన్నాను.

జవాబు నాలుగు రోజులకి వచ్చింది. ఆ పెద్ద అక్షరాలని బావ కొత్త కంటితో తనే చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ.

"బాబాయ్, తీసేశానన్న మాటకి మీరలా అనుకున్నారంటే నాకు బాధ లేదు. మాటే అలాంటిది. కానీ కళ్ళు ఎలా ఉన్నాయని కూడా అడిగాను కదా. దోచుకుపోయేవాళ్ళు అది అడుగుతారా? అది విన్నాక కూడా నేను మీకు దొంగలా కనిపించానంటే ఇంక నేను చెప్పేదేముంది. తాళంచెవి నాకొద్దు. కళ్ళు జాగ్రత్త."

బావ రెండోసారి చదివాడు. తరవాత కుర్చీలో మెల్లగా నావైపు తిరిగాడు.

"ఆ మాట ఉందా అందులో?"

"ఉంది."

"చూశావా?"

చూశానన్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. ఒంటికాలి మీద లేచి నాలుగు అంటే నేనూ నాలుగు అని, తరవాత అక్క వచ్చి ఇద్దరికీ గడ్డిపెడితే అయిపోయేది. ఆయన మళ్ళీ తెరవైపు తిరిగి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. "తప్పు నాదే అమ్మా" అని రాసి, ఆ అమ్మా అన్నది ఉండాలో వద్దో తెలియక చెరిపేసి, "తప్పు నాదే" అని మాత్రం ఉంచాడు. నా సంగతి రాయి బావా, ఆ వరుస నీకు నేను చదవలేదని రాయి, అప్పుడు తనకి తెలుస్తుంది అన్నాను.

"నా కళ్ళు నీకిచ్చింది నేను కదరా" అన్నాడు. "తనకెందుకు చెప్పడం."

ఉడుత ఆ తరవాత రాలేదు. వేరే ఊళ్ళో ఉందని ఎవరో అన్నారు, ఆట మానేసిందని ఇంకెవరో అన్నారు. నేను నా ఖాతానుంచి విడిగా, జరిగిందంతా ఒప్పుకుంటూ రెండు కబుర్లు పంపాను. అవి చదివిన గుర్తు ఈ రోజుకీ పడలేదు. షాపు నడుస్తూనే ఉంది, మేకులు నూట అరవై అయ్యాయి, రేవులో కిటికీకి కొత్త మనిషి వచ్చాడు. బావ నాతో మామూలుగానే ఉంటాడు. మీద చెయ్యేసి మాట్లాడతాడు, ఆఫీసు కబుర్లు అడుగుతాడు, నా జోకులకి నవ్వుతాడు. పోయిందంటూ ఏమీ లేదని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

పోయిన నెల ఆయన ఎడమకంటికి ఆపరేషను చేశారు, మళ్ళీ పది రోజులు తెర వంక చూడకూడదన్నారు. రెండోరోజు సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చి, ఎప్పటిలాగే మంచం పక్క కుర్చీలో కూర్చున్నాను. ఫోనులో రేవు మనిషి కబురు వచ్చినట్టు చప్పుడైంది. నేను చెయ్యి చాపాను. బావ ఫోను దిండుమీదనుంచి తీసుకుని, వంటింట్లోంచి అక్కని పిలిచాడు. అక్క కంప్యూటరు మొహం ఎరగదు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని "బి... ఏ... బి..." అని మొదలుపెట్టింది. మొత్తం మూడు వరుసలు. నేను కూర్చున్నచోటునుంచి ఒక్క చూపులో అంతా కనిపిస్తోంది. అక్క ఒక్కొక్క అక్షరం పోగుచేసుకుని మాట అవగానే పైకి చెప్తోంది, బావ తలూపుతున్నాడు. మూడు వరుసలకి పావుగంట పట్టింది. అంతసేపూ నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.